కొండ దారి పరుగులో కాళ్లను దెబ్బతీసేది దిగుడే

ఎత్తుపల్లాల దారిలో జరిగే హాఫ్ మారథాన్‌కో, మారథాన్‌కో పేరు ఇచ్చినవారు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఏ షూ కొనాలి? ఎత్తు ఎక్కడానికి ఎలా తయారుకావాలి? ఎక్కిన ప్రతి ఎత్తునూ మళ్లీ దిగాలి. ఆ దిగుడుకు ఎలా తయారుకావాలని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే. దానికి జవాబు తెలిస్తే ఏ షూ కొనాలో, ఏ వారం ఎంత పరుగెత్తాలో, పందెం రోజు ఎక్కడ ఆగి నీళ్లు తాగాలో కూడా చాలావరకు తేలిపోతుంది.

ప్రపంచంలో పేరుమోసిన బోస్టన్ మారథాన్‌నే చూడండి. హాప్కింటన్ అనే ఊళ్లో మొదలై బోస్టన్ నగరం నడిబొడ్డున ముగిసే ఈ 42.195 కిలోమీటర్ల దారిలో, మొదలయ్యే చోటుకన్నా ముగిసే చోటు దాదాపు 140 మీటర్లు కిందికి ఉంటుంది. 2011లో కెన్యా రన్నర్ జెఫ్రీ ముటాయ్ అక్కడ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో గమ్యం చేరాడు. అప్పటికి అంతకన్నా వేగంగా మారథాన్ పూర్తిచేసినవారు లేరు. అయినా దాన్ని ప్రపంచ రికార్డుగా గుర్తించలేదు. రికార్డుకు పనికిరావాలంటే దారి మొత్తం మీద దిగుడు కిలోమీటరుకు ఒక మీటరు మించకూడదు, మొదలు, ముగింపు ఒకదానికొకటి మరీ దూరంగా ఉండకూడదు. బోస్టన్ ఈ రెండు షరతుల్లోనూ నిలవదు.

కాగితం మీద ఇంత సులువుగా కనిపించే దారి సాధారణ రన్నర్లను మాత్రం ఏడిపిస్తుంది. అక్కడ అందరూ భయపడేది హార్ట్‌బ్రేక్ హిల్‌కు. 32వ కిలోమీటరు దాటాక వచ్చే ఆ ఎత్తు పొడవు కిలోమీటరుకన్నా తక్కువే, ఎక్కుడు సుమారు 27 మీటర్లు. అంతే. మన ఊళ్లలో పెద్ద ఫ్లైఓవర్లు రెండు మూడు కలిపితే అంత అవుతుంది. అంత చిన్న ఎత్తు అంత మందిని నిలబెట్టేయడానికి అసలు కారణం దానికి చాలా ముందే ఉంది. మొదటి ఆరేడు కిలోమీటర్లు దారి గట్టిగా కిందికి వాలి ఉంటుంది. తాజా కాళ్లతో, జనం కేకల మధ్య అందరూ అక్కడ ఉరుకుతారు. తొడ కండరాలు అప్పుడు తిన్న దెబ్బ రెండున్నర గంటల తర్వాత ఎత్తు ఎదురైనప్పుడు బయటపడుతుంది.

తిరుమలకు నడిచి వెళ్లినవారికి ఇది కొత్త విషయం కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, చెమట కారుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. అదే మెట్ల మీదుగా నడిచి దిగి వచ్చినవారిని మర్నాడు అడగండి. మంచం మీద నుంచి లేవడానికి, కుర్చీలో కూర్చోవడానికి కూడా తొడలు సహకరించవు. ఎక్కుడు ఊపిరితిత్తుల్నీ గుండెనూ పరీక్షిస్తుంది, దిగుడు కండరం లోపలి పోగుల్నే దెబ్బతీస్తుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు తొడ ముందు కండరాలు కుంచించుకుంటూ శరీరాన్ని పైకి నెడతాయి. దిగేటప్పుడు అవే కండరాలు బ్రేకులుగా మారతాయి. పాదం నేలను తాకిన క్షణంలో మోకాలు వంగుతుంది, ఆ వంపును అదుపులో పెట్టడానికి కండరం సాగుతూనే బరువు మోయాలి. సాగుతూ బరువు మోసినప్పుడే కండరపు పోగుల్లో అతి చిన్న చీలికలు ఏర్పడతాయి. నొప్పి అప్పటికప్పుడు తెలియదు. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య పతాక స్థాయికి చేరుతుంది. కానీ కండరం బలం మాత్రం ఆ పందెంలోనే తగ్గిపోతుంది, తర్వాత వచ్చే ఎత్తుకు కాలు లేవదు.

నేల కాలిని ఎంత బలంగా కొడుతుందో గాట్‌షాల్, క్రామ్ అనే అమెరికన్ పరిశోధకులు 2005లో కొలిచి చెప్పారు. 9 డిగ్రీల వాలులో, అంటే వంద మీటర్లకు సుమారు 16 మీటర్లు దిగే చోట, పాదం తాకినప్పటి కుదుపు చదును నేల మీద కన్నా 54 శాతం పెరిగింది. వెనక్కి లాగే బ్రేకు బలం 73 శాతం పెరిగింది. అదే వాలులో ఎక్కేటప్పుడు మాత్రం కుదుపు చదును నేల మీద కన్నా తగ్గింది. మోకాళ్లు సున్నితంగా ఉన్నవారికి ఎక్కుడు సాధన భయపడాల్సింది కాదని, దిగుడునే కొలిచి వాడాలని నేను అందరికీ చెప్పేది అందుకే.

ఇక శక్తి లెక్క. ఎక్కేటప్పుడు పోగొట్టుకున్న సమయం దిగేటప్పుడు తిరిగి వస్తుందని చాలామంది నమ్మకం. పూర్తిగా రాదు. ఇటలీకి చెందిన మినెట్టి బృందం 2002లో వేర్వేరు వాలుల్లో పరుగుకు ఎంత శక్తి ఖర్చవుతుందో కొలిచి ఒక సూత్రం ఇచ్చింది. చదును నేల మీద కిలోమీటరుకు 6 నిమిషాలు తీసుకునే మనిషిని ఆ సూత్రంలో పెట్టి చూద్దాం. 5 శాతం ఎక్కుడులో, అంటే కిలోమీటరుకు 50 మీటర్లు ఎక్కే దారిలో, అదే శ్రమకు సుమారు 7 నిమిషాల 48 సెకన్లు పడుతుంది. 5 శాతం దిగుడులో 4 నిమిషాల 35 సెకన్లు. రెండూ కలిపితే చదును దారిలో 12 నిమిషాల్లో అయ్యే రెండు కిలోమీటర్లకు ఇక్కడ 12 నిమిషాల 23 సెకన్లు. అదీ ప్రయోగశాలలో. నిజమైన రోడ్డు మీద మలుపులు, గుంతలు, పక్కన వచ్చే రన్నర్లు, పడిపోతామన్న జంకు అన్నీ ఉంటాయి. కిలోమీటరుకు 6 నిమిషాల మనిషి 4 నిమిషాల 35 సెకన్ల వేగంతో దిగడం అరుదు, దిగినా తొడలు ఎక్కువ దూరం ఒప్పుకోవు. దిగుడు మొదలవగానే పోయిన సమయాన్ని వసూలు చేసుకోవాలని చూస్తే, ఆ తర్వాతి చదును దారిలో అంతకన్నా ఎక్కువ పోవచ్చు.

పందెం పేరు కన్నా దాని ఎత్తుపల్లాల పటం ముఖ్యం. మొత్తం ఎక్కుడు ఇన్ని వందల మీటర్లు అన్న ఒక్క సంఖ్యతో సరిపెట్టుకోకూడదు, ఆ ఎత్తు ఎలా పంచి ఉందో చూడాలి. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పెద్ద కొండ అంటూ లేదు. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి వైపు సాగే దారిలో ఫ్లైఓవర్లు, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మిట్టలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కటీ చిన్నదే. కానీ లయ కుదిరిందనుకునే లోపు మళ్లీ ఎక్కాలి, మళ్లీ దిగాలి. పైగా వానాకాలపు ఉక్క. చెమట ఆరదు, శరీరం చల్లబడదు.

మహారాష్ట్రలో సెప్టెంబరు ప్రాంతంలో జరిగే సతారా హిల్ హాఫ్ మారథాన్ తీరే వేరు. ఊళ్లోంచి బయలుదేరి యవతేశ్వర్ ఘాట్ రోడ్డు ఎక్కుతూ పోవాలి, దారిలో సగం అయ్యాక తిరిగి అదే రోడ్డున దిగిరావాలి. ఇక్కడ ఎక్కుడు ఒకటే, దిగుడు ఒకటే, రెండూ పొడవైనవి. హైదరాబాద్‌కు పనికొచ్చే సాధన సతారాకు సగమే పనికొస్తుంది. మొదటిదానికి పదే పదే వేగం మార్చుకునే ఓర్పు కావాలి. రెండోదానికి గంటకు పైగా ఆగకుండా ఎక్కే ఊపిరి, వెంటనే పది కిలోమీటర్లు దిగగలిగే తొడలు కావాలి. భారత రన్నర్లు ఏటా వందల సంఖ్యలో వెళ్లే దక్షిణాఫ్రికా కామ్రేడ్స్ మారథాన్ ఇంకో పాఠం. 1921లో మొదలైన ఈ పందెం డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య 90 కిలోమీటర్లకు అటూఇటూగా సాగుతుంది. మామూలుగా ఒక ఏడాది పైకి, మరో ఏడాది కిందికి. కిందికి పరుగెత్తే ఏడాదే సులువనుకుని వెళ్లినవారి తొడలు చివరి కొండలు దిగేసరికి చేతులెత్తేస్తాయి.

కండరంలో ఒక గొప్ప గుణం ఉంది. ఒకసారి దిగుడు దెబ్బ తిని కోలుకున్న కండరం, రెండోసారి అదే దెబ్బకు అంతగా దెబ్బతినదు. ఈ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. దిగుడు సాధనంతా దీని మీదే ఆధారపడి ఉంది. కాళ్లకు దిగుడును ముందే, చిన్న మోతాదులో రుచి చూపించాలి.

పందేనికి పది పన్నెండు వారాల ముందు మొదలుపెడితే చాలు. 4, 5 శాతం మించని వాలు, మూడు నాలుగు వందల మీటర్ల పొడవు, వాహనాలు తక్కువ తిరిగే రోడ్డు. మొదటి రెండు మూడు వారాలు ఎక్కేటప్పుడు కష్టపడి ఎక్కి, నడిచి దిగండి. ఆ తర్వాత నాలుగు సార్లు తేలిగ్గా పరుగెత్తుతూ దిగండి. మర్నాడు, ఆ మర్నాడు తొడలు ఎలా ఉన్నాయో చూసుకుని వారానికి ఒకటి రెండు చొప్పున పెంచండి. వారానికి ఒక్కసారికి మించి వద్దు. ఆఖరి మూడు నాలుగు పొడవైన ఆదివారపు పరుగులను మాత్రం పందెం దారిని పోలిన ఎత్తుపల్లాల్లోనే చేయాలి. సతారాకు వెళ్లేవారు కనీసం రెండుసార్లు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లాంటి చోట ఎక్కి దిగడం మంచిది. విశాఖవాసులకు కైలాసగిరి రోడ్డూ, సింహాచలం కొండ రోడ్డూ చేతికందే దూరంలోనే ఉన్నాయి. చివరి గట్టి దిగుడు సాధనకూ పందేనికీ మధ్య రెండు మూడు వారాలు ఉండాలి. పందెం వారంలో ఒకసారి పరీక్షించుకుందామని కొండ దిగడం చేతులారా చేసుకునే నష్టం.

కోనసీమలోనో, కృష్ణా డెల్టాలోనో ఉండేవారు ఎక్కడ సాధన చేయాలి? నేల బల్లపరుపుగా ఉంటుంది, కాలువ గట్టు తప్ప ఎత్తు కనిపించదు. ఎక్కుడు వరకు జిమ్ములో ట్రెడ్‌మిల్ వాలు పెంచుకుని సాధించవచ్చు. దిగుడుకు చాలా ట్రెడ్‌మిల్లుల్లో ఏర్పాటు ఉండదు. అక్కడే వ్యాయామం ఆదుకుంటుంది. ఒక పీట మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలి మడమ నేలను తాకే దాకా మూడు నాలుగు సెకన్ల పాటు నెమ్మదిగా మోకాలు వంచి దిగాలి, మళ్లీ లేవాలి. కండరం సాగుతూ బరువు మోసేది ఇక్కడా జరుగుతుంది. ఒక్కో కాలికి ఎనిమిది, పది సార్లు, మూడు విడతలు, వారానికి రెండుసార్లు. దీనికి తోడు గుంజీళ్లు, మెట్టు అంచున మడమలు దించి లేపే పిక్కల వ్యాయామం. నాలుగంతస్తుల భవనం దొరికితే మెట్లు దిగడం కూడా మంచి సాధనే, లిఫ్టులో పైకి వెళ్లి నడిచి దిగినా తప్పు లేదు. ఇన్ని చెప్పినా, పందేనికి ముందు ఒకటి రెండు ఆదివారాలు బస్సెక్కి ఏదో ఒక కొండ రోడ్డుకు వెళ్లిరావడానికి సాటి లేదు.

దిగే తీరు కూడా నేర్చుకోవాల్సిందే. భయంతో శరీరాన్ని వెనక్కి వాల్చి, కాలు ముందుకు బారగా చాపి మడమతో నేలను గుద్దుతాం. ప్రతి అడుగూ ఒక పెద్ద బ్రేకు అవుతుంది. అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా పడాలి. పాదం శరీరం కిందికి దగ్గరగా పడాలి. చీలమండ దగ్గర నుంచి శరీరమంతా కొద్దిగా ముందుకు వాలాలి. చూపు కాళ్ల దగ్గర కాకుండా పది, పదిహేను మీటర్ల ముందు ఉండాలి. చేతులు కాస్త వెడల్పుగా తెరుచుకుంటే నిలకడ వస్తుంది. ఎక్కేటప్పుడూ అడుగు చిన్నదే. అక్కడ గడియారంలో వేగం చూడటం మానేసి శ్వాసను గమనించండి. పొట్టి మాటలు రెండు మూడు మాట్లాడగలిగే శ్వాస ఉంటే సరి. వాలు బాగా పెరిగినచోట చకచకా నడవడం సిగ్గుపడాల్సిన పని కాదు. గుండె వేగాన్ని అదుపులో పెట్టే తెలివైన పద్ధతి.

ఇక షూ సంగతి. ఐదారు వేల నుంచి ఇరవై వేలు దాటిన ధరల దాకా ఉన్న బజారులో ప్రతి పెట్టె మీదా సోల్‌లో వాడిన నురగ (ఫోమ్) పేర్లు, సోల్ లోపలి ప్లేటు పేర్లు ముద్రించి ఉంటాయి. కొండ దారికి ముందుగా చూడాల్సింది అవేవీ కాదు. పాదం షూలో ముందుకు జారుతుందా లేదా అన్నది. దిగేటప్పుడు ప్రతి అడుగుకూ పాదం ముందుకు తోసుకుపోతుంది. వేళ్ల ముందు చోటు లేకపోతే గోళ్లు షూ కొనకు కొట్టుకుని నల్లబడతాయి, కొన్నాళ్లకు ఊడిపోతాయి. అందుకని పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, పరుగులో వాడే మేజోళ్లే తొడుక్కుని షూ కొనాలి. పొడవాటి కాలి వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ మాత్రం లేవకూడదు. ముందు ఖాళీ, వెనక బిగువు, ఈ రెండూ ఒకే షూలో దొరకడం కష్టం. దానికి ఖర్చు లేని మార్గం ఉంది. షూ పైభాగంలో చీలమండ దగ్గర వాడకుండా వదిలేసే అదనపు రంధ్రాన్ని వాడుకోవాలి. రెండు వైపులా ఆఖరి రెండు రంధ్రాల మధ్య తాడును చిన్న ఉచ్చులా నిలిపి, ఎదుటి వైపు తాడును అందులోంచి లాగి కట్టుకుంటే మడమ కదలదు. దుకాణంలోనే ఇలా కట్టి, ర్యాంపు గానీ మెట్లు గానీ ఉంటే దిగి చూడండి. వేలు కొనకు తగిలిందా, ఆ షూ ఎంత తేలికైనా, ఎంత పేరున్నదైనా వదిలేయండి.

తర్వాత చూడాల్సింది అడుగు భాగపు మందం. మందపాటి మెత్తని సోల్ కొందరికి నిలకడ లేనట్టు అనిపిస్తుంది, ఘాట్ రోడ్డు మలుపుల్లో అది నిజమే. అయితే ఆ మందం పుట్టిందే కొండలు దిగడం కోసం. 2009లో నికోలా మెర్మూ, జాన్‌లూక్ డియార్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు ఆల్ప్స్ పర్వతాల్లో వేగంగా దిగడానికి పనికొచ్చే షూ కోసం వెతుకుతూ హోకా సంస్థను మొదలుపెట్టారు. సన్నని అడుగు గల షూలు జోరుమీదున్న రోజుల్లో వాళ్లు అందుకు ఎదురుగా వెళ్లారు. తారు రోడ్డు మీద పొడవైన దిగుడు ఉన్న పందేనికి మధ్యరకం నుంచి మందపాటి సోల్ వైపే నా మొగ్గు. అడుగు భాగం వెడల్పుగా ఉంటే ఇంకా మంచిది.

మడమ కింద మందానికీ వేళ్ల కింద మందానికీ మధ్య తేడాను డ్రాప్ అంటారు. ఎనిమిది, పది మిల్లీమీటర్ల డ్రాప్ షూలకు అలవాటుపడిన కాళ్లు ఒక్కసారిగా నాలుగు మిల్లీమీటర్లకో, సున్నాకో మారితే పిక్కల మీద, మడమను పిక్కతో కలిపే స్నాయువు (అకిలిస్ టెండన్) మీద భారం పెరుగుతుంది. ఎక్కుడు సాధన కూడా అక్కడే భారం వేస్తుంది. రెండూ ఒకే నెలలో కలిస్తే గాయాన్ని కోరి తెచ్చుకున్నట్టే. కొండ సాధన మొదలుపెట్టిన కాలంలో డ్రాప్ మార్చకండి.

సోల్ లోపల గట్టి కార్బన్ పలక ఉండే కార్బన్ ప్లేటు షూల గురించి అడగని వారు లేరు. 2017లో అలాంటి షూ, నైకీ సంస్థ వేపర్‌ఫ్లై వచ్చిన తర్వాత, చదును నేల మీద అవి శక్తి ఖర్చును సగటున 4 శాతం దాకా తగ్గిస్తాయని పరిశోధనలు చెప్పాయి. అవే షూలతో మూడు డిగ్రీల ఎక్కుడు, దిగుడులో చేసిన 2022 నాటి అధ్యయనంలో లాభం సుమారు 2.8, 2.7 శాతానికి తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. కానీ ఇది ట్రెడ్‌మిల్ మీద, పొడి పట్టా మీద వచ్చిన లెక్క. చాలా పందెం షూలకు బరువు తగ్గించడం కోసం అడుగున రబ్బరు తక్కువగా వేస్తారు, మడమ భాగం వెడల్పు తక్కువగా ఉంటుంది. సతారా పందెం నాటికి ఘాట్ రోడ్డు వానకు తడిసి ఉండవచ్చు. అలాంటి మలుపులో జంకుతూ దిగేవారికి ఆ రెండు మూడు శాతం ఎందుకు? బరువు విషయానికొస్తే, ఒక్కో షూ బరువు వంద గ్రాములు పెరిగితే శక్తి ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుంది. ముప్పై, నలభై గ్రాముల తేడా కోసం పట్టునూ నిలకడనూ వదులుకోవడం నాకు సమ్మతం కాదు. మొదటి కొండ పందేనికి రోజూ సాధనలో వాడే నమ్మకమైన షూ మేలు. అది ఐదారు వందల కిలోమీటర్లు దాటి అరిగిపోయి ఉండకూడదు, పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్తదీ అయి ఉండకూడదు. దారి తారు రోడ్డైతే ముళ్ల సోల్ ఉన్న ట్రైల్ షూ అవసరం లేదు, బురద, రాళ్ల బాటకే అది.

మేజోళ్లు నూలువి వద్దు. తడిసిన నూలు పాదంతో పాటు ముందుకు జారి బొబ్బలు తెస్తుంది. బనియను కూడా చెమటను పట్టి ఉంచని పాలిస్టరుదే మంచిది. తొడలు, చంకలు రాసుకునేచోట వ్యాసలీను రాయాలి. మహిళలకు స్పోర్ట్స్ బ్రా ఎంపిక షూ ఎంపికంత ముఖ్యం. చదును నేల మీద సరిపోయినది దిగుడులోని కుదుపుకు సరిపోకపోవచ్చు, కొనే ముందు అక్కడే గెంతి చూడాలి. ఫోను పెట్టుకునే బెల్టు సంగతీ అంతే. జీపీఎస్ గడియారం కొనేవారు గాలి పీడనంతో ఎత్తు కొలిచే సెన్సరు ఉన్నదాన్ని ఎంచుకుంటే సాధనలో ఎంత ఎక్కారో, ఎంత దిగారో సరిగ్గా తెలుస్తుంది.

నీళ్ల విషయంలో ఎక్కువ తాగినా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం ఉండాల్సినదానికన్నా తగ్గింది, దారిలో అతిగా తాగి బరువు పెరిగినవారిలోనే అది ఎక్కువ. దాహాన్ని బట్టి తాగండి. రెండు గంటలు మించిన పరుగులో ఉప్పు, గంటకు ముప్పై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం అవసరం. రన్నర్ల కోసం చిన్న ప్యాకెట్లలో వచ్చే తీపి జెల్ అయినా, ఖర్జూరాలైనా, అరటిపండైనా సాధనలో కడుపు ఒప్పుకున్నదే పందెంలోనూ తినాలి. ఎత్తు ఎక్కుతూ రొప్పేటప్పుడు మింగడం కష్టం, దిగుతూ కుదుపులో తింటే కడుపులో తిప్పుతుంది. ఎత్తు పైకి చేరాక వచ్చే కాస్త చదును దారే తినడానికీ తాగడానికీ సరైన చోటు. పటంలో అలాంటి చోట్లు ముందే గుర్తుపెట్టుకోండి.

పందెం రోజు మొదటి దిగుడును మరీ నెమ్మదిగా దిగుతున్నామేమో అనిపించేంత వేగంతోనే దిగండి. ఎంతోమంది దాటిపోతారు, పోనివ్వండి. నొప్పి వస్తుందేమోనన్న భయంతో పరుగుకు ముందు గానీ మధ్యలో గానీ ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు వేసుకోవద్దు. చెమట పోసి నీరు తగ్గిన శరీరంలో, దెబ్బతిన్న కండరాల వ్యర్థాలను వడపోస్తున్న మూత్రపిండాల మీద అవి అదనపు భారం వేస్తాయి.

పరుగు ముగిశాక రెండు మూడు రోజులు తొడలు నొప్పి పెట్టడం మామూలే. ఆ రోజుల్లో చదును నేల మీద నడవండి, నిద్ర, భోజనం తగ్గించకండి, వారం పది రోజుల దాకా వేగంగా దిగే పరుగులు పెట్టుకోకండి. నొప్పి తగ్గిన తర్వాత కూడా కండరం బలం పూర్తిగా తిరిగి రావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారినా, తొడలు వాచి గట్టిపడినా, నొప్పి రోజురోజుకూ తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా ఇంటి వైద్యంతో ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, పొడవైన దిగుడు పరుగెత్తామని డాక్టరుకు చెప్పాలి.